గోడ మీద రెండు గీతలు

ఇంటి నుంచి,
వానలు మొదలైన వారం

బామ్మర్దికి,

ఫోన్ ఉండగా ఉత్తరం రాస్తున్నాడేమిటి, మా బావకి మతి గానీ పోయిందా అని నవ్వుకుంటావని తెలుసు. నవ్వుకో. ఈ రెండు గదుల కొంపలో నేను ఫోన్ ఎత్తితే చాలు, మీ అక్క చెవులు రిక్కిస్తుంది. కారు గురించి ఏ మాట చెవిన పడినా "ఏమైంది, ఎవరికేమైంది" అని నా ప్రాణం తోడేస్తుంది. అందుకే కాగితం పట్టాను. పైగా నీకు ఉత్తరాలంటే ఎంత ప్రీతో నాకు తెలియనిదా! పెళ్ళికి ముందు మీ అక్కకి నేను రాసినవన్నీ దారిలోనే విప్పి చదివిన దొంగవి నువ్వు.

సంగతేమిటంటే, నా కారు లైట్లు చాలడం లేదు. తెల్లవారకముందే ఆడవాళ్ళని కుట్టు ఫ్యాక్టరీలో దింపడం, చీకటి పడ్డాక మళ్ళీ ఇళ్ళకి చేర్చడం, ఇదే కదా నా బతుకుతెరువు. పగలు నా కారుకి పనే లేదు. ఈ మధ్య రోడ్డు అంచు కనిపించి చావడం లేదు. వాన పడితే మరీ ఘోరం, ఉన్న వెలుగంతా తారు తాగేస్తోంది. బల్బుల షాపువాడు తెల్లగా మండే బల్బుల జత ఒకటి చూపించాడు. "ఇవి వేస్తే పట్టపగలే అన్నా" అంటాడు. పోలీసులు పట్టుకోరా అంటే నవ్వి ఊరుకున్నాడు.

నువ్వు బండ్ల తనిఖీ షెడ్డులో పొద్దస్తమానం లైట్లే చూస్తావు కదా. చట్టానికి అడ్డం రాకుండా ఏం వేసుకోవచ్చో చెప్పు. పాపం మామగారు నిన్ను పంతులుద్యోగానికి చదివిస్తే నువ్వు చాక్‌పీసు మాత్రం వదలకుండా, బడి గోడ బదులు షెడ్డు గోడ మీద గీతలు గీస్తున్నావు. ఆ చదువు ఇప్పటికి నాకు పనికొచ్చింది.

మొన్న ఫ్యాక్టరీ గేటు స్తంభానికి కారు పక్క అద్దం గీరుకుంది. ఆ గేటుకి కాపలా ఒక పెద్దాయన, మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది, అందరం ఈల తాత అంటాం. నా కారు మలుపు తిరగగానే ఈల వేసి గేటు తీస్తాడు. "ఇన్నేళ్ళ గేటు నీకివాళ కొత్తయిందేమయ్యా" అని నవ్వాడు. అదీ లైట్ల తప్పేనని చెప్పాను.

నీ బావ


తనిఖీ షెడ్డు,
మధ్యాహ్నం భోజనం వేళ

బావకి,

ఆ షాపువాడి మాట నమ్మి ఆ బల్బులు పెట్టావో, మన బంధుత్వం చూసుకోకుండా నేనే వచ్చి జరిమానా రాస్తాను. మొదటే చెప్పలేదనొద్దు.

శ్రద్ధగా విను. నీ కారు లైటు లోపల మెరిసే గిన్నె ఉంటుంది చూడు, దాన్ని పాతరకం బల్బుకి కొలిచి చేశారు. అందులో ఎక్కువ వాట్ల బల్బు పెడితే హోల్డరు కరుగుతుంది, వైరు కాలుతుంది. ఎల్ఈడీ పెడితే వెలుగు రోడ్డు మీద కుదురుగా పడదు, చెదిరిపోయి ఎదుటివాడి కళ్ళలో గుచ్చుకుంటుంది. నీకు బ్రహ్మాండంగా ఉంటుంది, వాడు గుడ్డివాడవుతాడు. చట్టం కాపాడేది ఆ ఎదుటివాడిని బావా. నిజంగా వెలుగు పెంచాలంటే బల్బు ఒక్కటే కాదు, నీ కారు రకానికి అనుమతి ముద్ర ఉన్న లైటు మొత్తం కొని వేయించాలి. వేయించాక వెలుగు ఎత్తు సరిచేయించి, మా షెడ్డులాంటి చోట చూపించి కాగితాల్లో ఎక్కించుకోవాలి.

అంతదాకా వెళ్ళకముందు చేయాల్సినవి ఉన్నాయి. పైన గాజు పసుపెక్కిందేమో రుద్దించు. ఎర్తు వైరుకి తుప్పు పట్టినా లైటు నీరసపడుతుంది, గోకి బిగించు. అప్పటికీ చాలకపోతే అవే వాట్లలో మంచి బల్బులు రెండూ ఒకేసారి మార్చు. మార్చేటప్పుడు బల్బు గాజుని వేళ్ళతో ముట్టుకోవద్దు. వేలి జిడ్డు వేడికి కాలి గాజు చిట్లుతుంది. గుడ్డతో పట్టుకో.

ఆ తర్వాత మేం చేసే పరీక్షే ఇంటి దగ్గర చెయ్యి. చదునైన చోట కారుని గోడకి ఎదురుగా ఆపి డిమ్ లైటు వెయ్యి. గోడ దగ్గరికి నడిచివెళ్ళి, చూపు మధ్యలో నిలిపి తల తిప్పకుండా, వెలుగు ఎక్కడ ఆగిపోయిందో అక్కడ చాక్‌పీసుతో గీత పెట్టు. పైన ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి. కొలిచి నాకు రాయి, లైటు రోగం ఏమిటో చెప్తాను.

మరో మాట. నీ ఉత్తరంలో వరసలు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఏం, మందు కొట్టి రాశావా?

నీ బామ్మర్ది


ఇంటి నుంచి,
వాన తెరిపిచ్చిన రోజు

బామ్మర్దికి,

మందూ లేదు మాకూ లేదు. కారులో కూర్చుని, స్టీరింగ్ మీద కాగితం పెట్టి రాస్తే వరసలు అలాగే వస్తాయి.

నువ్వు చెప్పినవన్నీ పొల్లు పోకుండా చేశాను. గాజు రుద్దించాను, అద్దంలా ఉంది. ఎర్తు వైరు గోకాను. అవే వాట్ల కొత్త బల్బులు కొన్నాను. గుడ్డలో పెట్టి పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి పెట్టాను. చూసి మీ అక్క "మన పిల్లల్ని కూడా ఇంత జాగ్రత్తగా ఎత్తలేదు" అని దెప్పింది.

పొద్దు పోయాక పెరటి గోడకి ఎదురుగా కారు ఆపి గీతలు గీశాను. వెలుగు మధ్యలో ముద్దలా ఉంది, బారెడు కూడా లేదు. దానికి అటూ ఇటూ గోడ ఉన్నట్టే లేదు. బల్బులు మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి గీశాను. గీత మీద గీత పడింది, వెంట్రుకవాసి తేడా లేదు. ఇప్పుడు చెప్పు, ఈ పాత లైట్లకి తెల్ల బల్బులు తప్ప వేరే మందు ఉందా? రోజూ వేకువన ఏడుగురు ఆడవాళ్ళ ప్రాణాలు నా చేతిలో ఉంటాయి. నీ చట్టం పుస్తకం వాళ్ళని ఇళ్ళకి చేర్చదు కదా.

నీ బావ


తనిఖీ షెడ్డు,
సోమవారం

బావకి,

నీ కొలతలు చూసి నాకు మతి పోయింది. కింద రాలిపోయే డొక్కు బండ్లకి కూడా వెలుగు అంత ఇరుకుగా పడదు. నా పై మేస్త్రీకి చూపిస్తే "లైట్లకి ఇలాంటి రోగం నేను పుట్టి ఎరగను" అన్నాడు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. తప్పు ఎక్కడుందో అంతుపట్టనప్పుడు ఒక్కొక్కటే మార్చి చూస్తాం. ఏది మారిస్తే తప్పు పోతుందో దొంగ అదే. నువ్వు గాజు బాగుచేశావు, వైరు బాగుచేశావు, బల్బులు మార్చావు. గీత కదల్లేదు. ఇక ఈ పరీక్షలో మార్చనిది ఒక్కటే మిగిలింది బావా, గీత గీసిన మనిషి.

నవ్వులాటకి అనడం లేదు. కారుని మళ్ళీ అదే చోట ఆపి, అదే గోడ మీద, ఈసారి అక్క చేత గీయించు. ఏం వచ్చిందో ఉన్నది ఉన్నట్టు రాయి.

నీ బామ్మర్ది


ఇంటి నుంచి,
శుక్రవారం

బామ్మర్దికి,

మీ అక్క కూడా గీసింది. తేడా ఏమీ లేదు, నా గీతల మీదే పడ్డాయి. నీ పద్ధతి బాగానే ఉంది గానీ ఈసారి దొంగ దొరకలేదు.

ఇక నీ జవాబు కోసం కూర్చోలేక తెల్ల బల్బులు కొని పెట్టించాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, రోడ్డు బతికొచ్చింది. పాత బల్బులు డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకున్నాను, తనిఖీ ఉందంటే ఆ పూటకి మార్చేస్తాను. నీ మర్యాదకేమీ లోటు రానివ్వను, కంగారు పడకు.

ఈ ఉత్తరం మీ అక్కకిచ్చి పోస్ట్ చేయమంటున్నాను, నాకు ఫ్యాక్టరీ వేళైంది.

నీ బావ

*తమ్ముడూ, అంటించే ముందు చదివాను. ఆయన రాసింది అబద్ధం. నేను గీసిన గీతలు గోడ ఈ చివర నుంచి ఆ చివరదాకా పోయాయి. ఆయనవి మధ్యలో చిన్న కిటికీలా ఉన్నాయి. నేను గీస్తుంటే "అక్కడ వెలుగెక్కడుందే" అన్నారు. ఉందండీ అన్నాను. ఆయన చాక్‌పీసు నా చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.*


తనిఖీ షెడ్డు,
బుధవారం

బావా,

అక్క కింద నాలుగు ముక్కలు రాసింది. దాని మీద కోప్పడకు. పెళ్ళికి ముందు నీ ఉత్తరాలు నేను విప్పాను, ఇప్పుడు అది విప్పింది, ఇంటి గుణం అనుకో.

నీ లైట్లలో ఏ లోపమూ లేదు. మొదటినుంచీ లేదు. గేటు స్తంభానికి అద్దం గీరుకోవడం, ఉత్తరంలో వరసలు ఎక్కి దిగడం, గోడ మీద కిటికీ, అన్నీ ఒక్కచోటికే వస్తున్నాయి. రేపే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఆ తెల్ల బల్బులు మాత్రం ఈ ఉత్తరం చేతిలో ఉండగానే పీకెయ్యి. నువ్వు చేస్తున్న పని ఏమిటో తెలుసా? నీకు కనబడని చీకటిని ఎదుటివాడి కళ్ళలోకి తోస్తున్నావు.

బతిమాలుతున్నాను బావా, వెళ్ళు.

నీ బామ్మర్ది


కారు షెడ్డు నుంచి,
వానలు వెనకబట్టాక

బామ్మర్దికి,

వెళ్ళాను. ఇన్నాళ్ళు జవాబు ఎందుకు రాయలేదో ఇప్పుడు చెప్తాను.

ఒక డబ్బాలోకి తల పెట్టించి, చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నొక్కుతూనే ఉన్నాను, నాకైతే బాగానే చేశాననిపించింది. బయటికి వచ్చాక డాక్టరమ్మ కాగితం చూపించింది. మధ్యలో కాస్త తెలుపు, చుట్టూ నలుపు. మన పెరటి గోడే. "ఇన్ని చుక్కలు వెలిగాయా" అని అడిగాను. "వెలిగాయండి" అంది. నీటికాసులట. కంట్లో ఒత్తిడి పెరిగి పక్క చూపుని కొంచెం కొంచెంగా కొరికేసిందట. నొప్పి లేదు, దురద లేదు, చడీచప్పుడు లేదు. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలవాలంటే బతికినంతకాలం చుక్కల మందు వేసుకోవాలి. "చీకట్లో బండి నడపడం ఈ రోజుతో ఆపేయండి" అంది. ఆ మాట అనేటప్పుడు నా మొహంలోకి చూడలేదు.

నాకున్న పని చీకట్లోనే కదరా. ఫ్యాక్టరీవాళ్ళకి తెలిస్తే సాయంత్రానికి ఇంకో కారు వస్తుంది. వయసు ఇంతొచ్చాక నాకు స్టీరింగ్ తప్ప ఏం చేతనవును? మీ అక్క మోకాళ్ళు పట్టుకుని లేస్తోంది, దాన్ని పంపనా పనికి? నువ్వు నెలజీతం మనిషివి. నీకు కోపం రావడం తేలిక.

ఒక్కటి ఒప్పుకుంటాను. ఈల తాత గోల పెడుతున్నాడు. కారు మలుపు తిరిగితే చేయి కళ్ళకి అడ్డం పెట్టుకుని నిలబడుతున్నాడు. "నీ లైట్లు నా కళ్ళు పీకేస్తున్నాయయ్యా, వచ్చేది నువ్వో లారీయో తెలిసి చావదు" అంటాడు. తలుపు పక్కకొచ్చి తిట్టి మరీ పోతాడు. నవ్వేస్తుంటాను. ఏం చెయ్యను, అవి లేకపోతే నాకు తాతే కనిపించడు.

నీ బావ


తనిఖీ షెడ్డు,
గురువారం

బావగారికి నమస్కారం.

ఈ ఉత్తరంలో మిమ్మల్ని మీరు అంటున్నాను. ఇది బామ్మర్ది రాస్తున్నది కాదు.

డాక్టరు చెప్పాక కూడా మీరు చీకట్లో కారు నడుపుతున్నారు. వెనక ఏడుగురిని కూర్చోబెట్టుకుని నడుపుతున్నారు. అనుమతి లేని లైట్లు వేసుకుని, ఎదుటివాళ్ళ కళ్ళు మూయించి నడుపుతున్నారు. ఇవి తెలిసి ఊరుకునే ఉద్యోగం కాదు నాది. లైసెన్సు ఆఫీసుకి కాగితం రాసి పెట్టాను. ఈ ఉదయమే ఇచ్చేద్దామని అనుకున్నాను.

అక్క ఫోన్ చేసింది. ఏడ్చింది. మా అమ్మ పోయినప్పుడు కూడా అది అలా ఏడవలేదు. "ఈ నెలాఖరు దాకా ఆగు తమ్ముడూ, కారు అమ్ముకుని చిన్న కొట్టు పెట్టుకుంటాం, ఫ్యాక్టరీ ముందు ఆయన పరువు తీయకు" అంది. నేను ఆగుతానన్నాను. తప్పు చేస్తున్నానని తెలిసే అన్నాను. ఆ కాగితం మడిచి సొరుగులో పెట్టాను.

దానికి రెండు షరతులు. తెల్ల బల్బులు ఈ రోజే తీసేయాలి. తెల్లవారుజాము ట్రిప్పుకీ, రాత్రి ట్రిప్పుకీ ఇంకో డ్రైవర్ని పెట్టాలి, చీకట్లో మీరు స్టీరింగ్ ముట్టకూడదు. సరేనని రాతపూర్వకంగా జవాబివ్వండి.


ఇంటి నుంచి,
ఆదివారం

సర్కారు వారికి,

సరే. తీసేశాను. డ్రైవర్ని కూడా చూసుకుంటున్నాను. నెలాఖరుకి కారు అమ్మకం బోర్డు కడతాను, దాని కింద నిలబెట్టి నా ఫోటో తీయించి పంపిస్తాలే, ఫ్రేము కట్టించుకో.

మీరు గీరు మానెయ్యరా. చెవికి అదోలా ఉంది.

నీ బావ


ఆసుపత్రి వరండా నుంచి,
పొగమంచు రోజులు

బామ్మర్దికి,

ఈల తాత చనిపోయాడు.

నేనే గుద్దాను. వంకర మాటలు రాసే ఓపిక లేదు, జరిగింది జరిగినట్టు చెప్తాను. బల్బులు తీయలేదు. డ్రైవర్ని పెట్టలేదు. నీకు రాసిందంతా అబద్ధం. నెల గడిస్తే చాలు, ఇన్నేళ్ళు నడిపిన దారే కదా అనుకున్నాను.

ఆ వేకువ పొగమంచు. తెల్ల బల్బుల వెలుగు మంచుకి కొట్టుకుని తిరిగి నా మొహం మీదే పడుతోంది, ముందు సున్నం గోడ ఉన్నట్టుంది. మలుపు తిరిగాను. ఈల వినబడింది. ఈల వినబడితే గేటు తీసినట్టే, రోజూ అంతే, అందుకని తిప్పాను. వెనక కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కసారిగా కేక పెట్టారు. వాళ్ళందరికీ కనిపించాడు. నాకు కనిపించలేదు. పక్క నుంచి వచ్చాడట, చేయి కళ్ళకి అడ్డం పెట్టుకుని. కారు ఇంకా దూరంలో ఉందనుకుని గేటు గొళ్ళెం కోసం ముందుకు అడుగు వేశాడట. ఆయనకి నా వెలుగు వల్ల ఏమీ కనిపించలేదు. నాకు ఆయనే కనిపించలేదు. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకోకుండానే ఎదురుపడ్డాం.

నా కారులోనే ఆసుపత్రికి తెచ్చాను. ఆయన్ని లోపలికి తీసుకెళ్ళగానే నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? ఆవరణలో ఓ మూల కారు ఆపి, తెల్ల బల్బులు పీకి పాతవి పెట్టాను. గాజుని గుడ్డతో పట్టుకోమన్నావు, గుర్తుంది. వట్టి చేతుల్తోనే పెట్టాను. మనిషి లోపల చావుబతుకుల్లో ఉంటే నేను బల్బులు మార్చుకున్నాను.

రెండు రోజులు కొట్టుకుని పోయాడు. ఫ్యాక్టరీ మేనేజరు వచ్చి, పెద్దాయన చూసుకోకుండా ఈల కూడా వేయకుండా అడ్డం వచ్చాడు, మా బాధ్యత లేదు అని పోలీసులకి చెప్పాడు. రోజూ ఆయనకి అన్నం డబ్బా తెచ్చే కూతురు ఉంది. ఆమె నా దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగింది. "మా నాన్న ఈల వేశాడా అన్నా?"

వినబడలేదమ్మా అన్నాను.

నీ బావ


తనిఖీ షెడ్డు నుంచి కాదు, నా గది నుంచి

బావా,

చదివిన వెంటనే రాస్తున్నాను. ఈ ఉత్తరం ఎవరికీ చూపించకు.

కారుని అక్కడి తనిఖీ షెడ్డుకి తీసుకెళ్తారు. గోడ ముందు పెట్టి లైట్లు చూస్తారు. ఇప్పుడు ఉన్నవి సరైన బల్బులే కాబట్టి అన్నీ సరిగ్గా ఉన్నాయనే రాస్తారు. పొగమంచు, పెద్దాయన తొందరపాటు, అంతటితో కాగితం మూసేస్తారు. నువ్వు అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పు. బల్బుల మాట ఎత్తకు. కళ్ళ మాట అసలు ఎత్తకు. డాక్టరమ్మ కాగితం ఇంట్లో ఉంచకు. ఈల వినబడలేదన్నావు కదా, ఆ మాట మీదే ఉండు. ఆడవాళ్ళు ఈల విన్నామంటే అననీ, కేకల్లో ఎవరు ఏం విన్నారో ఎవరు తేల్చగలరు?

ఇది రాస్తున్నది నేనేనా అని నాకే అనుమానంగా ఉంది. నీకు చట్టం పాఠాలు చెప్పిన నోరే ఇది. కానీ నువ్వు జైలుకి పోతే అక్క ఏమైపోతుంది? ఇంకో సంగతి కూడా ఉంది, దాచను. సొరుగులో ఆ కాగితం ఇంకా అలాగే ఉంది. ఆ గురువారం నేను దాన్ని ఇచ్చి ఉంటే తాత ఈ రోజు గేటు తీస్తూ ఉండేవాడు. నువ్వు నోరు విప్పితే నన్నూ అడుగుతారు. భయంగా ఉంది బావా. నీ కోసం ఎంతో, నా కోసం కూడా అంతే.

నోరు మెదపకు.

నీ బామ్మర్ది


ఇంటి నుంచి,
మంచు విడిచిన రోజు

బామ్మర్దికి,

నీ ఉత్తరం అందింది. మీ అక్క చేత చదివించుకున్నాను. చదివి, మడిచి నా చేతిలో పెట్టింది. "వాడు కూడా ఇలా తయారయ్యాడా మన వల్ల" అంది. నీ మీద కోపంతో కాదు. బాధపడి అంది.

నిన్న కారుని తనిఖీకి తీసుకెళ్ళారు. నీ షెడ్డు ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ ఇదీ అలాగే ఉంటుందనుకున్నాను. పొడుగాటి గది, ఆ చివర తెల్ల గోడ, గోడంతా పాత గీతలు. ఇన్‌స్పెక్టరు కుర్రవాడేం కాదు, నెమ్మదస్తుడు. లైట్లు వేసి, కొలిచి, గోడ దగ్గరికి వెళ్ళి ఎత్తు చూసి, "లైట్లలో లోపం లేదు" అని రాసుకున్నాడు. నువ్వు చెప్పినట్టే, అక్షరం పొల్లు పోకుండా. తాత కూతురు తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎవరు రమ్మన్నారో తెలియదు, ఖాళీ అన్నం డబ్బా చేతిలో పట్టుకునే వచ్చింది. అలవాటు కాబోలు. ఇన్‌స్పెక్టరు ఆమె వైపు తిరిగి, "ఏం చేస్తామమ్మా, మీ నాన్నే చూసుకోవాల్సింది" అన్నాడు. ఆమె తల ఊపింది. ఒప్పుకుంది రా. తండ్రిదే తప్పని ఒప్పేసుకుంది.

"సార్, ఒక్క చాక్‌పీసు ఇప్పించండి" అన్నాను.

ఎందుకన్నాడు. ఇవ్వండి సార్, చెప్తాను అన్నాను. ఇచ్చాడు. గోడ దగ్గరికి వెళ్ళి, వెలుగు ఎక్కడ ఆగిపోయిందో అక్కడ గీశాను. ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి. మన పెరటి గోడ మీద గీసినట్టే.

ఆయన నవ్వాడు. "ఏమయ్యా, వెలుగు ఇంకా అక్కడిదాకా ఉంటే ఇక్కడ గీశావేం?"

"మీకు ఉంది సార్. నాకు ఇక్కడితో అయిపోతుంది."

నవ్వు ఆపేశాడు. నేను గోడకి ఎదురుగా నిలబడి ఉండగానే పక్కకి వచ్చి చేయి ఎత్తాడట, వేళ్ళు ఆడించాడట. నాకు తెలియలేదు. ఆ తర్వాత తెల్ల బల్బులు రెండూ జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఆసుపత్రి ఆవరణలో మార్చానని చెప్పాను. డాక్టరమ్మ కాగితం కూడా పెట్టాను. నీ పేరు చెప్పలేదు. సొరుగులో ఉన్న కాగితం నీది, అది ఇవ్వాలో చింపాలో నువ్వే చూసుకో. నేను చెప్పను, నాకు ఆ అర్హత లేదు.

బయటికి నడిపిస్తుంటే ఆమె ముందు ఆగాను. చేతులు జోడించాలనుకున్నాను, అది కూడా నటనలాగే ఉంటుందనిపించి ఊరుకున్నాను. "వేశాడమ్మా" అన్నాను. "మీ నాన్న ఈల వేశాడు. నేను విన్నాను. ఎప్పటిలాగే వేశాడు." ఆమె నన్ను తిట్టలేదు. డబ్బా గుండెకి హత్తుకుని అక్కడే నేల మీద కూలబడిపోయింది. ఆ ఏడుపు నేను బతికినంతకాలం వింటాను. వినాలి కూడా.

లైసెన్సు తీసేసుకున్నారు. కారు వాళ్ళ దగ్గరే ఉంది. నన్ను ఇంటికి పంపారు, సోమవారం రమ్మన్నారు. సోమవారం వెళ్తే మళ్ళీ ఎప్పుడు వస్తానో తెలియదు. నువ్వు ఒకసారి వచ్చి అక్క దగ్గర ఉండు. పెరటి గోడ కడిగేద్దామంటే తను ఒప్పుకోవడం లేదు. రెండు గీతలూ ఉండనివ్వండి అంటోంది, నావీ తనవీ.

ఈ ఉత్తరం తనే పోస్ట్ చేస్తుంది. కవరు అంటించకుండానే ఇచ్చాను.

నీ బావ